పరీక్షించని నీళ్ళకు పచ్చరంగు

కొత్తగా చేరేవాళ్ళకు పనికొస్తుంది, మీ అనుభవాలు రాసివ్వండి అని లాబ్ వాళ్ళు అడిగారు. తమిళంలో నాలుగు పేజీలు రాసిచ్చాను. వాళ్ళు దాన్ని కంప్యూటర్‌లో ఏఐకి ఇచ్చి, కొంచెం బాగుచేయించి నాకు తిరిగి పంపారు. "హరూర్ బస్టాండులో నీళ్ళ సీసాల సంచి పక్కన కూర్చుని ఏడ్చాను" అని నేను రాస్తే, అక్కడ "ఎదురైన సవాళ్ళను అవకాశాలుగా మలచుకున్నాను" అని ఉంది. నేను దేన్నీ దేనిగానూ మలచుకోలేదు. బస్సు తప్పిపోయింది, ఏడ్చాను. అంతే.

అందుకే మళ్ళీ రాస్తున్నాను, ఈసారి ఇంటి భాషలో, నోటుపుస్తకంలో. ధర్మపురిలో మావంటి ఇళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు చాలామంది, చదవగలిగేవాళ్ళు కొద్దిమంది. ఫరవాలేదు. చదవలేనివాళ్ళకు నేనే చదివి వినిపిస్తాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు తాగునీళ్ళు పరీక్ష చేశాను. ఒక ట్రస్టు నడిపే చిన్న లాబ్ మాది. మా జిల్లాలో చాలాచోట్ల భూమి లోపలి నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. అది కంటికి కనపడదు, నాలుకకు తెలియదు. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలు పడతాయి. ఏళ్ళ తరబడి తాగితే కీళ్ళు, వెన్ను బిగుసుకుపోతాయి. ఏ బోరులో ఎంత ఉందో చెప్పడం మా పని.

ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న. ఏఐ వచ్చింది కదా మేడం, మనుషులు బాగుపడతారా, చెడిపోతారా? పెళ్ళిపంక్తిలో సాంబారు వడ్డిస్తూ కూడా అడుగుతున్నారు. నాకు విసుగొచ్చేసింది. నాకు తెలిసింది నీళ్ళు. ఆ నీళ్ళ దగ్గర ఏం జరిగిందో చెబుతాను, మిగతాది మీరే చూసుకోండి.

సీసా నింపడం

ఈ పనిలో కష్టమైనది పరీక్ష కాదు, సీసా నింపడం. చేతిపంపు అయితే ముందు ఐదు నిమిషాలు కొట్టి గొట్టంలో నిలిచిన నీళ్ళు పోనివ్వాలి. సీసాను అదే నీళ్ళతో మూడుసార్లు కడగాలి. నింపి, మూత బిగించి, అక్కడే నిలబడి చీటీ రాయాలి. బస్సులో కూర్చున్నాక రాద్దాంలే అనుకోకూడదు. తర్వాత నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళను అడగాలి. ఈ నీళ్ళు తాగుతారా, బట్టలకేనా? ఎండాకాలం ఎక్కడినుంచి తెచ్చుకుంటారు? సగం నిజం సీసాలో ఉంటుంది, సగం వాళ్ళ నోట్లో ఉంటుంది.

ఇది నాకు నేర్పినవారు నా మొదటి ఆఫీసరు సెల్వరాజ్ సార్. ఆయనకు తమిళం తప్ప ఇంకో భాష రాదు. మెచ్చుకునే మాట తమిళంలో కూడా రాదు. చీటీ మీద నీళ్ళచుక్క పడి సిరా చెదిరితే ఆ సీసా పారబోయించేవారు. మళ్ళీ వెళ్ళి తెమ్మనేవారు. మనసులో ఆయన్ను తిట్టుకోని రోజు లేదు.

నా దొంగపని

చేరిన మూడో ఏడు హరూర్ వైపు రెండు పల్లెలకు వెళ్ళాను. మొదటి పల్లెలో నింపేసరికే మధ్యాహ్నమైంది. రెండో పంపు మైలు దూరం. చెప్పు తెగింది, ఎండ మాడ్చేస్తోంది, తిరుగు బస్సుకు ఎక్కువ టైం లేదు. రెండు పల్లెలూ పక్కపక్కనే, ఒకటే నేల, నీళ్ళు మాత్రం వేరుగా ఉంటాయా అనుకున్నాను. అదే పంపు దగ్గర రెండో సీసా నింపి రెండో పల్లె పేరు రాసేశాను. ఇంత చేసీ బస్సు తప్పిపోయింది. నేను ఏడ్చానని చెప్పింది ఆ రోజు సంగతే.

మర్నాడు సెల్వరాజ్ సార్ అచ్చం ఒకే అంకె వచ్చిన రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశారు.

"రెండో పంపు ఏ రంగు?" అన్నారు.

నేను చీటీ వైపు చూశాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆదివారం పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని అదే బస్సెక్కారు. రెండో పంపు దగ్గర నా చేతే నింపించారు. ఆ నీళ్ళు చెడ్డవి. హద్దు ఎంతో దాటిపోయాయి. నా చీటీ మాత్రం మంచివి అని చెప్పింది.

నాకు మెమో ఇవ్వలేదు. ఫలితం పట్టుకుని ఆ ఊరికి నన్నే పంపి, మొన్న ఈ నీళ్ళు చూడకుండానే చీటీ రాశాను అని ఊరివాళ్ళతో నా నోటితో చెప్పమన్నారు. చెప్పాను. ఒక ముసలాయన మెడ తిప్పలేక ఒళ్ళంతా నా వైపు తిప్పి విన్నాడు. తిట్టినా బాగుండేది.

మీటరు

యంత్రాలంటే నాకు పడదని లాబ్‌లో పేరుంది. కొంత నిజమే. మొదట్లో మేము కంటితో చూసేవాళ్ళం. నీళ్ళలో ఎర్రటి మందు వేస్తే, ఫ్లోరైడ్ ఎంత ఎక్కువుంటే రంగు అంత పాలిపోతుంది. పక్కన వరసగా పెట్టిన గాజుగొట్టాల రంగుతో పోల్చి చెప్పాలి. నా కన్ను తప్పదని నాకు గర్వం. మీటరు వచ్చాక కూడా ఆర్నెల్లు దానికి గుడ్డ కప్పి పెట్టాను.

చివరకు ఒకరోజు పందెం వేసుకుని రెండు విధాలా చూశాం. పగలు నేనూ మీటరూ ఒకటే. సాయంత్రం ట్యూబులైటు కింద నా అంకె ప్రతిసారీ తక్కువ. అంటే ఎన్నో ఏళ్ళ సాయంత్రాలు నేను చెడ్డ నీళ్ళను కాస్త మంచివిగా చూశాను. గుడ్డ తీసేశాను. మీటరు రావడం మంచిదేనని ఎవరడిగినా చెబుతాను. అది చూసిన నీళ్ళ గురించే చెబుతుంది. చూడని నీళ్ళ గురించి దానికి మాట రాదు.

గోడ మీద మ్యాపు

మూడేళ్ళ క్రితం రిటైరయ్యాను. కొత్తవాళ్ళకు నేర్పడానికి వారానికి రెండు రోజులు రమ్మంటే వెళుతున్నాను. ఇప్పటి మేనేజరు ప్రభు సార్. చెడ్డమనిషి కాదు. పాత రోజుల్లో ఉన్న మనుషుల్లో సగంమందితో ఆయన లాబ్ నడపాలి, జీపు కూడా లేదు. అప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ వచ్చింది. గోడంత తెర మీద జిల్లా మ్యాపు, ప్రతి పల్లెకూ ఒక చుక్క. మంచి నీళ్ళకు పచ్చ, చెడ్డవాటికి ఎరుపు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు నిలబడి ఫోటో దిగేవాళ్ళు. మ్యాపు దాదాపుగా అంతా పచ్చగా ఉండేది. నాకూ సంతోషమే. ఏటినీళ్ళ పైపులు చాలా ఊళ్ళకు వచ్చాయి కదా, బాగుపడి ఉంటాయి అనుకున్నాను. అడగలేదు. నా తప్పుల్లో దీన్నీ కలుపుకోండి.

ఒక మంగళవారం చెంగమ్మ అనే ఆమె వచ్చింది. మహేంద్రమంగళం దాటాక ఒక కొట్టాయి నుంచి. కొట్టాయి అంటే మా వైపు పొలాల మధ్య ఉండే నాలుగైదు ఇళ్ళ గుంపు. కూలిపని చేసుకునే మనిషి, చంకలో ఏడాది పిల్లాడు, పక్కన ఎనిమిదేళ్ళ నందిని. చేతిలో కూల్‌డ్రింకు సీసా నిండా నీళ్ళు. ముందు గదిలో అబ్బాయి మ్యాపు చూసి "మీ ఊరు పచ్చే, పరీక్ష అక్కర్లేదు" అని పంపేస్తున్నాడు. చెంగమ్మ గట్టిగా మాట్లాడుతోంది. తెలుగు వినపడి నేను బయటికొచ్చాను.

"మా తావుకు ఎవురూ రాలేదే అక్కా! ఎప్పుడు పరీక్ష చేసినారు?" అంది.

"బిడ్డకేమైంది?" అన్నాను.

"నోరు తెరువే నందినీ."

ఆ పిల్ల తెరవలేదు. తల్లి గడ్డం పట్టుకుని తెరిచింది. ముందుపళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. చిగుళ్ళు పుండ్లు.

"టీచరు దినమూ తిడతా ఉంది, పండ్లు తోముకోవా అని. ఇది ఇటికపొడి ఏసి రుద్దుకుంటా ఉంది. రక్తం వచ్చేవరకూ రుద్దుతాది అక్కా. పక్కింటోళ్ళు ఫోన్లో ఉండే ఏఐని అడిగినారు. పండ్లు పసుపుగా ఉంటే ఏమి చేయాలని. ఫ్లోరైడ్ ఉండే పేస్టుతో రెండుపూట్లా తోమమనింది."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫోను తప్పేమీ చెప్పలేదు, పట్నంలో పిల్లకయితే. ఈ పిల్ల ఏ నీళ్ళు తాగుతోందో అది అడగలేదు. ఎవరూ అడగలేదు.

లోపలికి వెళ్ళి రిజిస్టరు తిరగేశాను. ఆ కొట్టాయి పేరుతో ఒక్క సీసా కూడా లాబ్‌కు రాలేదు. కంప్యూటర్ పని చూసే కావ్యను పిలిచాను. మా తెలుగువాళ్ళ అమ్మాయే, చురుకైనది.

"సీసా లేకుండా అంకె ఎక్కడిది?"

"అది టెస్ట్ చేసింది కాదు మేడం, ప్రెడిక్షన్. శాంపిల్ రాని ఊర్లకి సాఫ్ట్‌వేరే ఫిల్ చేస్తుంది. చుట్టూ ఉండే బోర్ల వేల్యూస్ చూసి."

"ఎన్ని ఊళ్ళకు అట్లా?"

కావ్య తల వంచుకుంది. "నేను కౌంట్ చేయలేదు మేడం. ఎవురూ అడగలేదు."

ప్రభు సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయన ఓపిగ్గా చెప్పారు, నేను ముసలిదాన్ని కాబట్టి ఇంకొంచెం ఓపిగ్గా. "ఇది గుడ్డి ఊహ కాదు మేడం. చాలావరకు సరిగ్గానే వస్తుంది. అన్ని ఊళ్ళకూ తిరగడానికి నా దగ్గర మనుషులెక్కడ?"

"లేరని చెప్పండి. చూడలేదని రాయండి. చూసినట్టు పచ్చరంగు ఎందుకు పూశారు?"

"ట్రస్టుకు డబ్బిచ్చేవాళ్ళకు రిపోర్టు అలాగే వెళ్ళిపోయింది."

నాకు ఒళ్ళు మండింది. నేనొకసారి ఒక పంపు దగ్గర రెండు చీటీలు రాస్తే నన్ను ఊరి ముందు నిలబెట్టారు సార్, ఇప్పుడు అదే పని మిషను చేస్తే మీరు దానితో ఫోటోలు దిగుతున్నారు అన్నాను. గొంతు పెద్దదయింది. ఆయన ముఖం ఎర్రబడింది. కావ్య గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

కొట్టాయి

చెంగమ్మ తెచ్చిన సీసా పరీక్షకు పనికిరాదు, అందులో తీపి మిగిలి ఉంటుంది. మర్నాడు నేనూ కావ్యా బస్సెక్కాం. లాబ్‌లో చేరి రెండేళ్ళయినా ఆ పిల్ల ఇంతవరకూ ఒక్క సీసా నింపలేదట. నింపమని ఎవరూ చెప్పలేదు. మహేంద్రమంగళంలో దిగి, షేర్ ఆటోలో కొంత దూరం, మిగతాది నడక. కావ్య కొత్త చెప్పులు కరిచి కుంటుతోంది. నేను జాలిపడలేదు.

కొట్టాయిలో చూస్తే సంగతి తేలికగానే తెలిసింది. ఊరి ట్యాంకులోకి ఏటినీళ్ళు వస్తాయి, మంచివే. ఆ ట్యాంకు కొళాయి కొట్టాయికి అర మైలు దూరం. కరువు ఏడాది పాత బావి ఎండిపోతే, పక్క పొలం రైతు చాలా లోతుకు బోరు వేయించాడు. మంచి మనసుతో కొట్టాయివాళ్ళను కూడా పట్టుకోమన్నాడు. అప్పటినుంచి తాగడానికీ, వండడానికీ అవే నీళ్ళు. నందిని పుట్టకముందు సంగతి అది. సాఫ్ట్‌వేర్‌కు తెలిసినవి ఊరి ట్యాంకు, చుట్టుపక్కల పాత బోర్లు. ఈ బోరు ఉందని దానికి ఎవరు చెప్పారు? ఎవరూ రాలేదు కదా.

"మూడుసార్లు కడుగు," అన్నాను. కావ్య నాలుగుసార్లు కడిగింది.

సాయంత్రం మీటరు ముందు కూర్చున్నాం. ట్యాంకు నీళ్ళు బాగున్నాయి. బోరు నీళ్ళు హద్దుకు రెండింతలు దాటి పైకి పోయాయి. కావ్య మీటరు కడిగి మళ్ళీ పెట్టింది. అదే అంకె. "నేను అప్‌లోడ్ చేసింది గ్రీన్ మేడం," అంది. కళ్ళు తుడుచుకుంది. ఓదార్చాలనిపించింది, కానీ ఓదార్చలేదు. ఆ ఏడుపు ఈ పనిలో అవసరం.

మ్యాపు రంగు మారడం

ఆ వారంలో కావ్య ఎవరినీ అడక్కుండా ఒక పని చేసింది. సీసా రాని ప్రతి చుక్కకూ పచ్చ తీసేసి బూడిదరంగు పెట్టి, కింద "పరీక్ష కాలేదు" అని తమిళంలో రాసింది. పొద్దున తెర వెలిగించేసరికి జిల్లా సగానికి పైగా బూడిద. ప్రభు సార్ వచ్చి దాని ముందు నిలబడ్డారు. కావ్య ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, "ఇంత ఉందా?" అన్నారు. ఆయనకూ తెలియదు. నాకు ఇంకా కోపం వచ్చింది.

డబ్బిచ్చేవాళ్ళు వెళ్ళిపోతారని ఆయన భయం. వాళ్ళు వెళ్ళిపోలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు అని మాత్రం అడిగారు.

ఇక్కడితో ఆపితే నేను గెలిచినట్టుంటుంది. కానీ కథ అక్కడ ఆగలేదు. అన్ని బూడిదచుక్కలకూ ఒకేసారి వెళ్ళలేం కదా, ముందు ఎక్కడికి వెళ్ళాలో సాఫ్ట్‌వేర్‌నే అడుగుదాం మేడం అంది కావ్య. ఎక్కడ చెడ్డ నీళ్ళు ఉండొచ్చో అనుమానం చెప్పమంది. జాబితా వచ్చింది. మొదటి పేరు చూసి నేను పెద్దగా నవ్వాను. వెల్లిచందై వైపు ఒక పల్లె. రిటైరయ్యేవరకూ ఏటా అక్కడి పంపు నేనే చూసేదాన్ని, ఎప్పుడూ మంచి నీళ్ళే.

"దీనికి బుద్ధి లేదు," అన్నాను.

"పోయి చూద్దాం మేడం. కండిప్పా, తప్పకుండా పోవల్ల. మీరే చెప్తారు కదా," అంది కావ్య.

వెళ్ళాం. నా పంపు తుప్పుపట్టి, పిడి విరిగి, తీగ అల్లుకుని ఉంది. పది గజాల దూరంలో కొత్త లోతు బోరు, మోటారు, తొట్టి. ఊరంతా అక్కడే పట్టుకుంటోంది. ఆ చుట్టుపక్కల లోతు బోర్లన్నీ చెడిపోతున్నాయని అంకెల వరస చూసి మిషను పసిగట్టింది. ఆ వరస నా రిజిస్టర్లలోనే ఉంది. నేనెప్పుడూ అన్నీ కలిపి చూడలేదు. నీళ్ళు చెడ్డవే. కావ్య నన్ను ఎత్తిపొడవలేదు, మంచి పిల్ల.

కాబట్టి నా తీర్పు ఇది, ఎవరికి నచ్చినా నచ్చకపోయినా. ఎక్కడ వెతకాలో చెప్పమంటే అది మనకంటే మెరుగు. వెతికేశాం అని దానిచేత చెప్పించుకుంటే మనం చెడిపోయినట్టే. అది అబద్ధం ఆడలేదు, అంచనా చెప్పింది. అంచనాకు పచ్చరంగు పూసింది మనుషులు. నడవడం తప్పుతుందని పూశారు. కొత్తగా చేరేవాళ్ళు మీ యంత్రం ఎంత తెలివైనదో నాకు చెప్పొద్దు. కిందటి నెల ఎన్ని సీసాలు నింపారో చెప్పండి.

ఫలితం చెప్పడం

బోరు ఫలితం కాగితం మీద రాయించుకుని నేనూ కావ్యా మళ్ళీ కొట్టాయికి వెళ్ళాం. ముందు రైతుకు చెప్పాం. "పుణ్యానికి పోతే ఇట్లయిందే," అని తల పట్టుకున్నాడు పాపం. తర్వాత తనే మోటారు గది గోడ మీద తాగొద్దు అని సుద్దతో రాశాడు. ట్యాంకు నుంచి కొట్టాయికి పైపు వేయమని అందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టి పంచాయతీకి అర్జీ ఇచ్చారు. పైపు ఇంకా రాలేదు. అంతదాకా ఆడవాళ్ళు అర మైలు మోస్తున్నారు.

నందిని బడికి వెళ్ళి టీచరుతో కూడా మాట్లాడాం. ఇది మురికి కాదు, నీళ్ళవల్ల వచ్చిన మరక, తోమినా పోదు అని చెప్పాను. ఆవిడ నొచ్చుకుంది. నందినిని పిలిచి అందరి ముందూ, "నీ తప్పు కాదమ్మా, తెలియక తిట్టాను," అంది. పిల్ల నోరు మూసుకునే తలూపింది.

చెంగమ్మ గుడిసె ముందు కూర్చున్నాం. ఆమె అడిగింది, "దీని పండ్లు సరి అవుతాయా అక్కా?"

అబద్ధం చెప్పలేదు. "వచ్చేసినవి మారవు. పెద్దాసుపత్రిలో పైపూత లాంటిది వేస్తారేమో అడుగు. ఆ ఇటికపొడి మాత్రం మాన్పించు."

"వీనికి?" అని చంకలో పిల్లాణ్ణి చూపించింది.

"వీడికి వచ్చే పెద్దపండ్లు ఇప్పుడు లోపల తయారవుతా ఉంటాయి. ఇప్పటినుంచి ట్యాంకు నీళ్ళే తాపించు."

ఆమె చాలాసేపు పిల్లాడి దవడ మీద వేలితో రాస్తూ కూర్చుంది. కావ్య ఉండబట్టలేక, మ్యాపు సంగతి, సాఫ్ట్‌వేర్ తప్పెట్లా జరిగింది, ఇప్పుడు దాన్ని ఎట్లా మార్చింది, అన్నీ చెప్పడం మొదలుపెట్టింది. క్షమించమని అడగడానికి పాపం ఆ పిల్లకు తెలిసిన దారి అదే.

చెంగమ్మ చెయ్యెత్తి ఆపింది.

"మీ మిషను మంచిదో చెడ్డదో నాకు తెలీదు పాపా. అర మైలు పోయి తెస్తా ఉండాను కదా, ఆ ట్యాంకు నీళ్ళు రేపు చెడిపోతే నాకు ఎట్లా తెలిసేది? మళ్ళీ ఎప్పుడు వస్తారు మీరు? అది చెప్పు."

కావ్య ఫోను తీయబోయి, తీయలేదు. నా వైపు చూసింది.

"వచ్చే నెల మొదటి మంగళవారం," అంది. "నేనే వస్తా."

"సరి," అంది చెంగమ్మ. లేచి, పిల్లాణ్ణి నందినికి అప్పగించి, ఖాళీ బిందె చంకనెత్తుకుని నీళ్ళకు బయల్దేరింది.